కంచు గురించి ఒక్క ముక్క

ఊళ్లో రేడియోవాళ్లందరూ ఆయన్ని చెవి అనేవారు. ఎదురుగా ఉంటే చెవిగారు, వెనకాల ఉత్త చెవి. స్థానిక దినపత్రికలో ప్రతి శుక్రవారం వెనక పేజీలో 'చెవిన పడ్డది' అనే శీర్షిక ఆయనదే. ఏ స్టేషన్లో ఎవరు బాగా మాట్లాడారు, ఎవరు పాటకీ పాటకీ మధ్య సోది చెప్పారు, వార్తలు చదువుతూ ఎవరు ఆవులింత మింగారు, అన్నీ అందులో ఉండేవి. ఆఫీసులో ఆయనకున్నది కిటికీ పక్క ఒక బల్ల, దాని మీద మూడు రేడియోలు. పత్రికలో ఆయన్ని పట్టించుకునేవాళ్లు తక్కువే గానీ, రేడియోవాళ్లకు మాత్రం ఆయన మాటంటే హడలు. మెచ్చుకుంటే ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించుకునేవారు, తిడితే వారం పాటు ముఖం చాటేసేవారు.

ఆ ఊళ్లో అందరికంటే బాగా మాట్లాడే మనిషి మాత్రం ఆ శీర్షికలో ఒక్కసారి కూడా కనిపించలేదు. అతను ఆయనకు స్వయానా బావమరిది కావడమే కారణం.

భార్యకు తమ్ముడు. గొంతు కంచులా మోగుతుందని చిన్నప్పుడే ఎవరో కంచు అని పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది. టైర్ల కొట్టు మీద మేడలో, బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత పరుపులు కట్టిన గదిలోంచి మధ్యాహ్నం పూట 'చెప్పుకోండి' అనే కార్యక్రమం నడిపేవాడు. పేరుకు తగ్గట్టే జనం ఫోన్ చేసి చెప్పుకునేవారు. మా వీధిలో నీళ్లు రాలేదని ఒకరు, బస్సు మా స్టాపులో ఆగడం మానేసిందని ఒకరు, మా నాన్న పొద్దున్న బయటికెళ్లి తిరిగి రాలేదు, నీలం చొక్కా వేసుకున్నాడని ఒకరు. కంచు ఎవరి మాటకీ అడ్డం వచ్చేవాడు కాదు. అంతా విని, "ఇంకోసారి మెల్లిగా చెప్పమ్మా, ఊరంతా వింటోంది" అనేవాడు. నిజంగానే ఊరంతా వినేది. మంగలి షాపులో కత్తెర ఆగేది.

ఆయన కూడా రోజూ వినేవాడు. రాయాలని చెయ్యి దురదపెట్టేది. కానీ ఇంటి మనిషి గురించి రాస్తే బాకా ఊదాడంటారు. అందుకని నోరు కట్టేసుకున్నాడు. ఆ నిష్ఠ చూసుకుని లోపల్లోపల కాస్త గర్వపడేవాడు కూడా.

అలా ఉండగా పత్రిక యజమాని కంచు పనిచేసే రేడియో స్టేషన్ని కొనేశాడు. ఇకనుంచి పొద్దస్తమానం పాటలూ ప్రకటనలే. మాటలు చెప్పేవాళ్లను ఈ నెలాఖరుకు పంపించేస్తున్నారని కబురు తెలిసింది. ఆ సాయంత్రమే కంచు అక్క ఇంటికి వచ్చాడు. వచ్చేటప్పుడు ఎప్పుడూ బావ మీద ఏదో ఒక జోకు విసురుతూ వచ్చేవాడు, ఆ రోజు చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచాడు.

"బావా, ఇన్నేళ్లలో నిన్నెప్పుడన్నా అడిగానా?"

"లేదు."

"ఇప్పుడు అడుగుతున్నా. నా ఉద్యోగం ఉంచమని కాదు, అది పోయింది. ఇలాంటి కార్యక్రమం ఒకటి ఉండేదని ఒక్క ముక్క రాయి. చచ్చినవాడికైనా పేపర్లో నాలుగు లైన్లు వేస్తారుగా."

కంచంలో వడ్డిస్తున్న అక్క, "రాస్తారులేరా, రాయకేం. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడంటారు. బావ మాత్రం కోరడా?" అంది. ముగ్గురూ నవ్వారు.

ఆయన కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. మంగలిని కలిశాడు. ఆసుపత్రిలో ఆయాలు రేడియో పెట్టుకునే గదికి వెళ్లాడు. తప్పిపోయిన తల్లి ఈ కార్యక్రమం వల్లే దొరికిందని చెప్పిన బస్సు డ్రైవరు పక్కన కూచుని చివరి స్టాపు దాకా పోయాడు. తర్వాత కూచుని రాశాడు. 'ఎక్కడా నోరు విప్పే చోటు లేనివాళ్లకు ఈ మనిషి మైకు ఇచ్చాడు' అని మొదలుపెట్టాడు. 'అతను మాట్లాడింది తక్కువ, అందుకే ఊరు మాట్లాడింది' అని ముగించాడు. ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చినట్టుంది.

మర్నాడు ఎడిటర్ గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"చాలా బాగుంది. మీరింత బాగా ఎప్పుడూ రాయలేదు."

ఆయన కుర్చీ అంచున కూచున్నాడు. పొగడ్త తర్వాత రావలసింది ఇంకా రాలేదని తెలుసు.

"కానీ మన యజమాని చేసిన పనిని మన పేపరే తప్పుపడితే బాగుంటుందా? మీరే చెప్పండి. అందుకని కాస్త సర్దాను." ఎడిటర్ కాగితం తిప్పి ముందుకు జరిపాడు.

సర్దడం అంటే అదీ. వాక్యాలు చాలావరకూ ఆయనవే, వాటి ఎముకలు మాత్రం విరిచి వేరే రకంగా అతికించారు. 'ఎక్కడా చోటు దొరకని ఫిర్యాదులకు ఈ మనిషి మైకు ఇచ్చాడు' అని ఉంది. 'అతను చేసింది తక్కువ, ఊరే మాట్లాడింది' అని ఉంది. వినేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారనీ, ఊరు ఇప్పుడు పాటలు కోరుకుంటోందనీ మధ్యలో కొత్తగా ఇరికించారు. పైన 'పాత గొంతులకు సెలవు' అని శీర్షిక.

"నా పేరు తీసేయండి" అన్నాడాయన.

"పేరు లేకపోతే మీ శుక్రవారం శీర్షిక ఎందుకండీ? ఆ చోటు ఇళ్ల స్థలాల ప్రకటనలకు అడుగుతూనే ఉన్నారు. నేనే మీకోసం అడ్డుపడుతున్నాను. ఆలోచించుకోండి."

ఆయన ఆలోచించాడు. గదిలో ఏసీ గుర్రుమంటోంది. గాజు తలుపు అవతల తన బల్ల, మూడు రేడియోలు కనిపిస్తున్నాయి. ఆ బల్ల లేకపోతే తనెవరో ఆయనకే తెలియదు.

"సరే, ఉండనివ్వండి" అన్నాడు.

బయటికొచ్చాక బావమరిదికి ముందే చెబుదామని ఫోన్ తీశాడు. ఏమని చెప్పాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానదనేవాళ్లు ఆయన్ని, ఆ రెండు రోజులూ మాత్రం ఉలకలేదు పలకలేదు.

శుక్రవారం పొద్దున్న భార్య పేపరు వెనక నుంచి తెరిచింది. నిలబడే చదివింది. చదివాక మడిచి బల్ల మీద పెట్టింది.

"ఇది మీరు రాసిందేనా?"

"మార్చారు."

"మారుస్తారని మీకు తెలుసా?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నమే కంచు చివరి కార్యక్రమం. ఆఫీసులో అందరికీ తెలుసు గనక పనున్నవాళ్లూ లేనివాళ్లూ కిటికీ దగ్గర చేరారు. రేడియోలో ఎప్పటిలాగే నమస్కారం చెప్పి కంచు, "ఇవాళ పేపర్లో మన గురించి వచ్చింది, చదువుతాను వినండి" అన్నాడు. శీర్షిక చదివాడు. రాసినాయన పేరు చదివాడు. తర్వాత మొదటి మాట నుంచి చివరి చుక్క దాకా, వెటకారం లేకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పండితుడు శ్లోకం చదివినంత శ్రద్ధగా చదివాడు. అంత దిక్కుమాలిన రాత ఆ గొంతులో పడి అందంగా వినిపించింది. ఆయన రేడియో కట్టేయాలనుకున్నాడు గానీ అందరి కళ్లూ తన చేతి మీదే ఉన్నాయి.

చదవడం అయ్యాక ఫోన్ మోగింది. ఎవరో ముసలావిడ.

"ఎవర్ని గురించి నాయనా ఇదంతా?"

"నా గురించేనమ్మా."

"ఎవరా రాసింది? నీమీద అంత కచ్చ ఏమిటి?"

"కచ్చేం లేదమ్మా. ఈ ఊళ్లో రేడియో గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు." కంచు మాట మార్చి, "మీ వీధిలో నీళ్లొస్తున్నాయా?" అని అడిగాడు.

కిటికీ దగ్గర చేరినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ప్రూఫులు దిద్దే పెద్దాయన మాత్రం వచ్చి వాల్యూమ్ తగ్గించి పోయాడు.

సాయంత్రం ఆయన టైర్ల కొట్టు మీదకి మెట్లెక్కాడు. గోడలకున్న పరుపులు విప్పేశారు. ఖాళీ గది ఉత్త గదిలా చిన్నగా ఉంది. కంచు మైకు తీగ చుట్ట చుడుతున్నాడు.

"అది నేను రాసింది కాదురా."

"తెలుసు బావా. నీ వాక్యం నాకు తెలియదా? చదువుతుంటే ఎక్కడ విరిచారో నోటికి తగులుతూనే ఉంది." తీగ చుట్ట పక్కన పెట్టాడు. "పేరు తీసేయమని అడిగావా?"

"అడిగాను."

"రెండోసారి అడిగావా?"

కింద ఎవరో టైరులోకి గాలి కొడుతున్నారు. ఆయన వంగి తీగ చుట్ట కొస లోపలికి దోపాడు.

"పొద్దుపోయింది. అక్క చూస్తుంటుంది, వెళ్లండి" అన్నాడు కంచు. పెళ్లినాటి నుంచీ నువ్వు అంటున్నవాడు మొదటిసారి మీరు అన్నాడు.

తర్వాత కంచు చాలాచోట్ల తిరిగాడు. పేపర్లోనే వినేవాళ్లు లేరని రాశారు కదా, మేమెలా తీసుకుంటామన్నారు మిగతా స్టేషన్లవాళ్లు. ఆ ముక్కని వాళ్లు కూడా కత్తిరించి పెట్టుకున్నారు. చివరికి బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుందో మైకులో చెప్పే పని దొరికింది. అక్కడ ఎవరూ ఫోన్ చేయరు. అక్క వారానికోసారి అటు వెళ్లి, ఏ బస్సూ ఎక్కకుండా కాసేపు బెంచీ మీద కూచుని వచ్చేది.

ఆయన శీర్షిక పెరిగింది. పక్కన ఆయన బొమ్మ కూడా వేశారు. సంస్థ మీద విశ్వాసం ఉన్న మనిషి అని యజమాని మెచ్చుకుని, కొత్త స్టేషన్లో ఆదివారం పొద్దున్న మాట్లాడమన్నాడు. టైర్ల కొట్టు మీది ఆ గదికి ఇప్పుడు మంచి రంగులు, మెత్తటి కుర్చీ. ఆయన మాట్లాడాడు. పాటల గురించి, కొత్త గొంతుల గురించి చాలాసేపు చెప్పాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "విన్నావా?" అని అడిగాడు భార్యని.

"లేదండీ. పొద్దున్నుంచీ కరెంటు లేదు" అందామె.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. ఆయన దాని కిందే కూచుని, "అవునా, ఎప్పుడు పోయింది?" అన్నాడు.