అలక కాదది

ఉతికిన బట్టలు మడతపెట్టడం ఆ ఇంట్లో పని కింద లెక్క కాదు. టీవీ ముందు కూర్చుని చేసేది పనెలా అవుతుందని భర్త ఓసారి నవ్వుతూ అన్నాడు, అప్పట్నించి అది పని కాకుండా పోయింది. వారమంతా కళ్లజోళ్ల దుకాణంలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్లకి అద్దాలు పెట్టి, తీసి, తుడిచి, వాళ్ల విసుగంతా భరించే మనిషికి సెలవురోజు దొరికే విశ్రాంతి ఇదన్నమాట. సోఫా మీద గుట్టలోంచి కూతురి బట్టలు ఏరుతూ ఆమె ఆ పిల్ల గది వైపు చూసింది. నిన్న సాయంత్రం మూసుకున్న తలుపు పొద్దెక్కినా తెరుచుకోలేదు.

"అటు చూడకు," అంది అత్తగారు పేపర్లోంచి తలెత్తకుండానే. "నువ్వు చూసేకొద్దీ దానికి బెట్టు ఎక్కువవుతుంది."

స్నేహితురాళ్లతో ఊరెళ్తానని పిల్ల అడిగింది, తండ్రి వద్దన్నాడు. తలనొప్పిగా ఉందంటూ అది గదిలోకి పోయి లైటార్పేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకేం, ఇంటిల్లిపాదికీ విషయం అర్థమైపోయింది. అలక! ఆ ఇంట్లో అలకకి ఓ పద్ధతుంది. అలిగిన ఆడమనిషిని పలకరించకూడదు, పలకరిస్తే నెత్తికెక్కుతుంది. ఆకలేస్తే అదే లేచొస్తుంది. మగవాళ్ల కోపానికి మాత్రం ఈ సూత్రం వర్తించదులెండి, దానికి వేడివేడి కాఫీ, ఇష్టమైన కూరా, ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడవడమూ ఉంటాయి.

కాపురానికొచ్చిన కొత్తలో ఆమెకీ ఓ రోజు కణతలు పగిలిపోయే తలనొప్పి వచ్చింది. లైటార్పుకుని పడుకుంది. కొత్తకోడలు అలిగిందనుకున్నారు. సాయంత్రందాకా గుక్కెడు నీళ్లిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్నో జోకులా చెప్పుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే అదీ అలకే అవుతుంది మరి.

కానీ ఈ పిల్ల అలాంటిది కాదే. నాయనమ్మే దీనికి వసపిట్ట అని పేరు పెట్టింది. అలిగినా ఊరుకునే రకమా? ఫోన్లో స్నేహితురాళ్లకి తండ్రిని ఏకి పారేస్తూ ఉండాలి ఈపాటికి. గదిలోంచి చిన్న చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దం ఆమెకి అస్సలు నచ్చలేదు. బట్టలు సర్దే వంకతో లోపలికెళ్లి లైటు వేసింది.

"తియ్యమ్మా! లైటు తీసెయ్!" పిల్ల కెవ్వుమని అరిచి రెండు చేతులూ కళ్లకడ్డం పెట్టుకుంది. మంచం పక్కన వాంతి. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది, పాదాలు పట్టుకుంటే మంచు. ఇదేం జ్వరం?

"ఎప్పట్నించి ఇలా ఉందే? పిలవొచ్చు కదా!"

"బస్సొచ్చేసిందా?" అంది కూతురు ఆమె మొహంలోకి చూస్తూ. కానీ ఆ చూపు ఆమెని చూడటం లేదు.

నీళ్లు తాగిద్దామని తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. తల ఒక్కటే లేవలేదు. మెడ వంగక, వీపుతో సహా మనిషంతా కొయ్యలా లేచింది. పిల్ల బాధతో మూలిగింది. 

ఈ లక్షణాలు ఎక్కడో విన్నది. ఎక్కడా? కొడుకు హాస్టల్‌కి వెళ్లేముందు టీకా వేయించడానికి వెళ్లినప్పుడు. మెదడు పొరలకి వాపొచ్చే జబ్బని, అందరూ ఒకేచోట ఉండే దగ్గర త్వరగా అంటుకుంటుందని నర్సు చెప్పింది. గట్టి జ్వరం, తలనొప్పి, వాంతులు, వెలుగు చూడలేకపోవడం, మెడ బిగుసుకోవడం, మాట తికమకపడటం. అన్నీ వచ్చేదాకా ఆగొద్దండీ, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది, బతికినా వినికిడి పోవచ్చు, టీకా వేసుకున్నవాళ్లయినా సరే ఆగొద్దు, టీకా అన్ని రకాలకీ పనిచెయ్యదు అంది. ఆ పక్కనే నిలబడి అన్నని వెక్కిరిస్తున్న పిల్లని చూసి, "అమ్మాయికీ వేసెయ్యమంటారా?" అని అడిగింది కూడా. ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "ఇది ఇంట్లో ఉండే పిల్లేగా. దీనికెందుకండీ?" ఆమె తెరిచిన నోరు మూసుకుంది.

భర్తకి ఫోన్ చేసింది. వెనకాల బంతి చప్పుడూ, కేకలూ.

"మెడ పట్టేసిందా? రాత్రంతా గోడకి తిరిగి పడుకుంటే పట్టెయ్యదూ మరి! నీకు ప్రతిదీ గోరంతలు కొండంతలే. ఓ మాత్ర వేసి పడుకోబెట్టు. ఆట మధ్యలో ఉన్నా, వచ్చాక చూద్దాం."

"అలా కాదండీ, మాట తేడాగా ఉంది, వాంతి..."

"నేనొచ్చేదాకా ఆగమన్నానా!" ఫోన్ పెట్టేశాడు.

చెమటకి తడిసిన బట్టలు మార్చబోతే పిల్ల పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. సూదితో పొడిచినట్టు చిన్నచిన్నవి, కొన్ని ముదురు ఊదారంగులోకి తిరిగాయి. గాజుతో నొక్కినా పోని చుక్కలుంటే క్షణం కూడా ఆగొద్దని నర్సు చెప్పిన చివరి మాట అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లగ్లాసు ఖాళీ చేసి, దాని గాజు పక్కని చర్మానికి ఆనించి గట్టిగా నొక్కింది. నొక్కితే మాయమవ్వాలి. దేవుడా, మాయమవ్వాలి! చుక్కలు గాజులోంచి ఆమెనే చూస్తూ అలాగే ఉన్నాయి.

ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసింది. అత్తగారు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అంబులెన్సా? ఇంటి ముందా? ఎదిగిన పిల్ల, తండ్రి తిట్టాడని ఏ అఘాయిత్యమో చేసిందనుకోరూ నలుగురూ? వాడు రానీ, కార్లో తీసుకెళ్దువుగాని."

మామూలుగా అయితే ఆమె నచ్చజెప్పేది. ఈసారి మాటలకోసం వెతుక్కోలేదు. "అనుకోనివ్వండి. తప్పుకోండి అత్తయ్యా, స్ట్రెచర్‌కి దారి కావాలి," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అత్తగారు తప్పుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల మెడ కింద చెయ్యి వేసి చూసి, చుక్కలు చూసి, రెండో మాట లేకుండా నర్సుని కేకేసింది. రక్తం తీశారు. ఫలితాలకోసం ఆగకుండా సెలైన్‌లోంచి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. కాస్త నిలదొక్కుకున్నాక వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాలన్నారు.

"ఎప్పట్నించి ఇలా ఉందమ్మా?"

"తలనొప్పన్నది నిన్న సాయంత్రమండీ."

"మరి రాత్రంతా ఏం చేశారు?"

 అలిగిందనుకున్నాం అని ఒక డాక్టరుకి ఎలా చెప్తారు? బల్ల మీద కాగితం, కలం పెట్టి, వెన్నులో సూదికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యమన్నారు. వాళ్ల నాన్నగారు రావాలా అని అలవాటుగా అడిగింది. "మీరు తల్లేగా?" అంది నర్సు. ఆమె సంతకం పెట్టేసింది. ఆ తర్వాత వచ్చాడు భర్త, చెమట చొక్కాతో, నన్నడక్కుండా వెన్నులో సూదేమిటంటూ. డాక్టరమ్మ అతనికి జవాబివ్వలేదు. ఇంట్లోవాళ్లంతా ముందుజాగ్రత్తగా మందు వేసుకోవాలని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. అతను మంచంలో ట్యూబుల మధ్య పడున్న పిల్లని అప్పుడు చూశాడు. గోడకి చేరగిలబడిపోయాడు. అతనికి కూతురంటే ప్రాణమే, కాదనడానికి లేదు. ఆ ప్రాణం మాట వినడమే అతనికి రాలేదు.

ఆ తర్వాతి రోజులు ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియదు. పిల్ల కళ్లు తెరిస్తే ఊపిరి పీల్చేది, మూస్తే బిగబట్టేది. దుకాణం యజమాని సెలవు కుదరదన్నాడు. కుదరకపోతే మానేస్తానంది. ఓ పొద్దున పిల్ల తనంతట తనే "అమ్మా, ఆకలి" అంది. అప్పుడు ఏడ్చింది ఆమె, నర్సులు కంగారుపడేంతగా.

వార్డుకి మార్చాక ఆడపడుచు చూడటానికొచ్చింది. పిల్ల దిండ్లకి ఆనుకుని కూర్చుంది. పక్కనే కూర్చుని ఆమె బత్తాయి ఒలుస్తోంది. అత్తగారు కొంగుతో కళ్లద్దుకుంటోంది.

"దేవుడి దయక్కా," అన్నాడు భర్త, కాలు మీద కాలేసుకుని. "కాస్త నలతగా కనబడగానే మేం క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. వెంటనే తీసుకొచ్చేశాం. పిల్లల విషయంలో నాకు అశ్రద్ధ ఉండదు, నీకు తెలుసుగా."

బత్తాయి ఒలుస్తున్న చేతులు ఆగాయి.

"మనం తీసుకురాలేదండీ," అందామె మెల్లగా. "నేను తీసుకొచ్చాను. మీరు ఆగమన్నారు. అత్తయ్య అంబులెన్సు వద్దన్నారు. రాత్రి నేను కూడా అలకే అనుకుని తలుపు తియ్యలేదు."

ఆడపడుచు చూపు నేల మీదికి దిగిపోయింది. అత్తగారు కొంగు ముడుచుకుంది. భర్త మొహం ఎర్రబడింది. "ఇప్పుడవన్నీ ఎందుకు, పిల్ల ముందు?" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

పిల్ల తల్లి పెదాలవైపే తేరిపార చూస్తోంది.

"ఏమన్నావమ్మా? ఈ పక్క చెవికి ఏమీ వినబడట్లేదు నాకు," అంది. "ఇటొచ్చి మళ్లీ చెప్పు."

 ఆమె లేచి, మంచం చుట్టూ తిరిగి అటువైపుకి వెళ్లి, మొదటి మాట నుంచి మళ్లీ చెప్పింది, ఈసారి వరండాలోకి కూడా వినపడేంత గట్టిగా.