అలల వైపు పలక

కోత మిషన్ కింద నీళ్లు సన్నగా పారుతుంటే, మునెప్ప పలక అంచును బొటనవేలితో తడిమి చూశాడు. కుప్పం బయట ఈ గ్రానైట్ షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే పని. కనుబొమల మీద, చెవుల మడతల్లో, చొక్కా కుట్లలో బూడిదరంగు పొడి. ఎడమ చిటికెనవేలికి గోరు లేదు. గడపలకూ మెట్లకూ సమాధులకూ రాయి కోశాడు. కోసిన రాయి లారీ ఎక్కాక ఎక్కడికి పోయిందో ఏనాడూ అడగలేదు. రెండేళ్లుగా దగ్గు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందని, పని మానమని డాక్టరు చెప్పాడు. భార్య చిన్నక్కా అదే అంటుంది. అతను మాత్రం పొద్దున ఏడింటికల్లా షెడ్డులో ఉంటాడు.

పదకొండింటికి ఉజ్మా కారు వచ్చి ఆగింది. మదనపల్లె కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుందామె. కిందటేడు అతని చేత జానెడు పలకలు ఇరవై కోయించుకుని, మహాబలిపురం దగ్గర సముద్రపు రాళ్లకు బోల్టులతో బిగించింది. ఏ వైపు ఏం బతుకుతుందో చూడాలని సగం పలకలు అలలు నేరుగా కొట్టే వైపు, మిగతా సగం అలలు తగలని చాటున. ఇవాళ తెల్లవారుజామున రెండు పలకలను విప్పి, ఉప్పునీళ్ల డబ్బాలో పెట్టి తెచ్చింది.

"చూడప్పా, నువ్వు కోసినవే."

మొదటి పలక నిండా శనగగింజంత తెల్లటి గుల్లలు. వేలు తగిలితే పొడిపొడిగా రాలాయి. రాలినవన్నీ ఖాళీ.

"ఇది చాటున పెట్టింది. ఏటికేడు ఎండ ముదురుతాంది. నీళ్లు దిగిపోయిన మధ్యాహ్నాల్లో రాయి పెనం మాదిరి కాలి, గుల్లల్లోని ప్రాణులు లోపలే ఉడికిపోయినాయి."

రెండో పలక మీద రాయే కనబడలేదు. గుల్ల పక్కన గుల్ల, గుల్ల మీద గుల్ల.

"ఇది అలల వైపుది. ఆడ మనిషి నిలబడలేడప్పా, అంత దెబ్బ. కానీ ఆ తుంపరే రాయిని చల్లగా ఉంచింది."

"ఇవి బతికుండాయా?"

"నీళ్లు కదిలించకుండా చూడు."

మునెప్ప డబ్బా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక గుల్ల నెత్తిన చిన్న తలుపు విచ్చుకుంది. అందులోంచి వెంట్రుకకన్నా సన్నని వేళ్లున్న చెయ్యి ఒకటి బయటికొచ్చి, నీళ్లను పిడికిట పట్టి లోపలికి లాక్కుంది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే పలకంతా వందల చేతులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. మునెప్ప తలకు చుట్టిన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దగ్గు తన్నుకొస్తే, నీళ్లు అదురుతాయని లేచి అవతలికి పోయి దగ్గి వచ్చాడు.

"ఇన్నేండ్లు రాయితోనే బతికితి. దీని మీద ఒక ప్రాణం ఇట్లా ఇల్లు కట్టుకుంటాదని నాకు ఎవురూ చెప్పలా," అన్నాడు.

మళ్లీ మొదటి పలక తీసుకుని బోల్టు రంధ్రం దగ్గర వేలు పెట్టాడు. "ఈడ సూడమ్మా. నా ఉలి జారిన గంటు. దీంట్లో మూడు గుల్లలు మూతులు బిగించుకోని ఉండాయి. సచ్చినట్టు లేవు."

ఉజ్మా భూతద్దం తీసి చూసింది. "అవునప్పా. లెక్క పెట్టినాను గానీ దీన్ని గమనించలేదు."

"తేమ నిలిచుంటాది. నేను నున్నగా పాలిష్ పట్టిస్తి. చాటు వైపుకు గుంతలు కొట్టి ఇస్తా, నీడన ఉంటాయి."

"తొందరేం లేదప్పా. మూతికి మాస్కు కట్టుకో."

బతికున్న పలకను చీకటి పడేలోపు సముద్రానికి చేర్చాలని ఆమె వెంటనే బయలుదేరింది. మునెప్ప కొత్త పలకను నీళ్లతో తడిపి, ఉలి తీసుకున్నాడు. మిషన్‌తో అయ్యే పని కాదది. ఒక్కో గుంత కొట్టి, చిటికెనవేలు దూర్చి లోతు చూసుకున్నాడు. రాగిసంగటి మూడింటికి గానీ తినలేదు. సాయంత్రం షెడ్డు మూసే వేళ చిన్నక్క పిలవడానికి వచ్చేసరికి, స్తంభానికి ఆనుకుని, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకుని ఆమె కాసేపు పక్కనే కూర్చుంది. లేపుదామని చెయ్యి పట్టుకుంటే అప్పటికే చల్లబడిపోయి ఉంది.

పదిరోజులకు ఉజ్మా వాళ్లింటికి వచ్చింది. చిన్నక్క పలకను చీరకొంగుతో తుడిచి చేతికిచ్చింది.

"ముగించలా ఆయప్ప."

"ఇట్లానే బిగిస్తానమ్మా," అంది ఉజ్మా.

ఇప్పుడది మహాబలిపురంలో, అలలు తగలని చాటు రాతి మీద ఉంది. అయిదు వరుసల గుంతల్లో రాగిగింజలంత తెల్లటి పిల్ల గుల్లలు అంటుకున్నాయి. ఆరో వరుసలో రెండే గుంతలు. ఆ తర్వాత నున్నటి నల్లరాయి, నీళ్లు దిగినప్పుడు ఎండకు ఆరుతూ.