కడిగిన స్కూటర్

వరదకు వంతెన కొట్టుకుపోయిన ఏడాది జరిగింది ఇది. అవతలి నుంచి ఊళ్లోకి వచ్చే బస్సులు ఆగిపోయాయి. బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే మాస్టారు నిలబడి నడిపే కరెంటు కిక్ స్కూటరొకటి కొన్నాడు. వేగం చూసుకోలేదు. మూడంతస్తులు మోసుకెళ్లేంత తేలిగ్గా ఉందా, టైర్లు గాలివేనా, బ్రేకు గట్టిదేనా అని చూసుకున్నాడు. రోజూ గాలి చూసేవాడు, పిండిన గుడ్డతో తుడిచేవాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దని సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు మరి.

ఇంట్లో తిష్ట వేసిన బావమరిది ఓ ఆదివారం తన బైకు ఇంటి దగ్గరే ఉంచి, చెప్పకుండా దాన్ని తీసుకుని బురదలో తిరిగొచ్చాడు. వచ్చి పైపుతో కడిగేశాడు. మాస్టారు మీట నొక్కితే లైటైనా వెలగలేదు.

"నీళ్లు తగలనివ్వద్దని చెప్పానా లేదా? బ్యాటరీ అడుగునే ఉందిరా, దద్దమ్మా!"

"మేలు చేస్తే తిట్లా బావా? చిన్నపిల్లల బండికి ఇంత రాద్ధాంతమా!"

"నీ మేలు మండ! రేపు నా పని ఊడితే నువ్వు పెడతావా తిండి? నీ బైకివ్వు."

"నా బైకా? గీత పడితే? నడిచెళ్లు, కాళ్లు అరిగిపోవులే."

"వాణ్ణి ఆడిపోసుకోకండి, మంచికే పోయాడు," అంది భార్య అన్నం వడ్డిస్తూ, తమ్ముణ్ణి వెనకేసుకొస్తూ.

మాస్టారు పళ్లు కొరుక్కుంటూ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, గురక పెడుతున్న బావమరిది మంచానికి ఆ చచ్చిన స్కూటర్‌ను ఆనించి, అతని తలగడ కింది బైకు తాళం లాక్కుని పనికి వెళ్లిపోయాడు.