కర్ర ఉన్న ఫొటో

నీలం పెన్సిలు గీత మీద ఉక్కు స్కేలు ఆనించి, ఎడమ బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, అతను కత్తిని ఒక్క లాగు లాగాడు. ఫొటో రెండయింది. పెద్ద ముక్కలో టెన్నిస్ ఆడే అమ్మాయి నడుమూ, గాలికి లేచిన పొట్టి గౌనూ, కాళ్ళూ ఉన్నాయి. చిన్న ముక్కలో రాకెట్టు, బంతి, ఆ రాకెట్టు పట్టుకున్న చెయ్యి ఉన్నాయి. పెద్ద ముక్క వెనక గమ్ము రాసి పేజీ మీద అతికించాడు. చిన్నదాన్ని చూడకుండానే టేబులు కిందికి వదిలేశాడు. అది బుట్టలోనే పడింది. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు, గురి తప్పదు.

ఆ పిల్ల నిన్న ఫైనల్ గెలిచింది. ఆ సంగతి ఫొటో కింద రెండో వరసలో ఉంది. మొదటి వరసలో ‘కోర్టులో కులుకులు’ అని ఉంది.

పత్రికాఫీసులో అతన్ని అందరూ కత్తెర అంటారు. నిజానికి అతను కత్తెర పట్టింది లేదు. పని అంతా కత్తితోనే. కత్తి అని పిలిస్తే మనిషికి లేనిపోని పౌరుషం అంటగట్టినట్టు ఉంటుందని కాబోలు, కత్తెర దగ్గర ఆగారు. నోట్లో నాలుక లేని మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి, నిలబడినా కూర్చున్నట్టే ఉంటాడు. ఎడమ బొటనవేలి గోరు ఓ పక్క చెక్కేసి ఉంటుంది, కత్తి జారినప్పుడల్లా కాస్త కాస్త పోయింది. గోళ్ళ సందుల్లో ఎండిన గమ్ము. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఆ వాసన పోదని అతని భార్య సణుగుతూ ఉంటుంది.

గీత గీసేది ఆటల పేజీ ఇన్‌చార్జి. ఆయన బళ్ళో కూడా బ్యాటు పట్టిన పాపాన పోలేదు గానీ ఆయన పేరు కెప్టెన్. “మగాళ్ళని ముఖం చూసి కొంటారు కత్తెరా, ఆడాళ్ళని ముఖం చూసి కొనరు” అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం బీరువాలో కూడా అమల్లో ఉంది. మగ ఆటగాళ్ళకి మనిషికో కవరు, దాని మీద పేరు, ఆట పేరు. ఆడవాళ్ళందరికీ కలిపి ఒకటే లావుపాటి కవరు. దాని మీద ‘గ్లామర్’ అని ఉంటుంది. ఈతగత్తె అయినా, బరువులెత్తే మనిషి అయినా అందులోకే.

గీసింది ఆయన, కోసింది మాత్రమే తను. ఇన్నేళ్ళూ కత్తెర ఆ మాటతోనే నిద్రపోయాడు. కానీ మనసుకి తెలియని లెక్కలుంటాయా? ఇద్దరు కూతుళ్ళు ఇంట్లో పెరిగినన్నాళ్ళూ అతను ఇంటికి తీసుకెళ్ళిన పేపర్లో ఆటల పేజీ ఉండేది కాదు. దారిలోనే తీసేసేవాడు. “అదేం పేపరండీ, మధ్యలో ఊడిపోయి ఉంటుంది రోజూ?” అని భార్య అడిగితే, “అందులో ఏముంటుందిలే” అనేవాడు.

పదకొండింటికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఏడ్చి ఏడ్చి కళ్ళ కింద ఉబ్బి ఉంది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. కెప్టెన్ టేబులు ముందు నిలబడింది.

“మా అమ్మ మొన్న పోయిందండీ. పెళ్ళికి ముందు హైజంప్ చేసేది. ఆవిడ రికార్డు తొమ్మిదేళ్ళు ఎవరూ దాటలేదు. మీ పేపర్లో వేస్తారేమోనని వచ్చాను.”

కెప్టెన్ కాగితం తీసుకుని చూశాడు. మరీ చెడ్డవాడేం కాదు, చావు దగ్గర మెత్తబడతాడు. “అయ్యో పాపం. నాలుగు లైన్లు వేద్దాంలేమ్మా. ఫొటో తెచ్చావా?”

ఆమె, తల్లి గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న చిన్న ఫొటో ఒకటి తీసింది, కానీ ఇవ్వలేదు. “ఇది కాదండీ. అమ్మ దూకుతున్న ఫొటో మీ దగ్గరుందట, కర్ర ఉన్న ఫొటో. ఇంట్లో ఆటవి ఒక్కటీ లేవు. తాతయ్య అన్నీ కాల్చేశాడు. ఎప్పటికైనా కర్రతో వేస్తారేమో అని అమ్మ అనుకుంటూ ఉండేది. ఈ ఒక్కసారి వేస్తారా?”

పక్క టేబులు దగ్గర కత్తెర చేతిలో గమ్ము బ్రష్షు ఆగిపోయింది.

“కత్తెరా, చూడు పాపం” అన్నాడు కెప్టెన్. “మూడింటికి పేజీ వెళ్ళిపోవాలి. ఈలోగా దొరికితే సరే, లేకపోతే ఈ చిన్నదే వేసేద్దాం.”

ఇరవై రెండేళ్ళ కింద ఆ తల్లి కూడా ఇక్కడే, ఈ టేబులు మూలనే నిలబడింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కాళ్ళకి సున్నం పూసిన గుడ్డ బూట్లు. చేతిలో ఆ రోజు పేపరు. చిరిగిన పేజీని వెనకనుంచి కాగితం ముక్కలు పెట్టి అతికించుకుని తెచ్చింది. ఫొటోలో ఆమె గాల్లో వెల్లకిలా, విల్లులా వంగి ఉంది. కింద ‘ఆకాశంలో శయనం’ అని రాశారు.

“అన్నా, కర్రేదీ?” అని అడిగింది.

అతనికి వెంటనే అర్థం కాలేదు.

“నేను దూకింది కర్ర మీదనుంచి కదా. కర్ర లేకపోతే దూకినట్టు ఎట్లా తెలుస్తుంది? ఏదో మంచం మీద పడుకున్నట్టుంది. సెలూన్లో అద్దం పక్కన అంటించారంట, మా అన్నయ్య చూసొచ్చాడు. నాన్న ఇక గ్రౌండుకి పోవద్దంటున్నాడు. కర్రతో ఒక్కసారి వెయ్యండన్నా. నాన్నకి చూపిస్తాను. చూస్తే ఆయనకే తెలుస్తుంది.”

“పేజీలో చోటు లేదమ్మా” అన్నాడు కత్తెర. ఆ పిల్ల కదల్లేదు. “సరే, అడిగి చూస్తా” అన్నాడు.

ఆమె వెళ్ళాక బుట్టలో వెతికాడు. మూడంగుళాల వెడల్పు పట్టీ ఒకటి దొరికింది. సొరుగులో పరిచిన పాత కాగితం కింద పెట్టాడు. రేపు అడుగుదాం అనుకున్నాడు. రేపు కెప్టెన్ చిరాకులో ఉన్నాడు. వచ్చే వారం అనుకున్నాడు. ఆ వారం పెద్ద పోటీలు వచ్చాయి. ఆ తర్వాత ఆ పిల్ల పేరు మళ్ళీ ఏ పోటీల ఫలితాల్లోనూ రాలేదు.

ఇప్పుడు ఆవిడ కూతుర్ని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, బీరువాలోంచి లావుపాటి కవరు తీశాడు. ఆ అమ్మాయి ముందు దాన్ని విప్పడానికి సిగ్గేసింది. గోడవైపు తిరిగి, కిటికీ గట్టు మీద పేర్చుకుంటూ వెతికాడు. నడుములు. వీపులు. జడలు. వంగిన కాళ్ళు. వంద దాకా ఉంటాయి, అన్నీ తన చేతి కోతలే. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు, ఆట లేదు. ఇవి ఏ ఆటవో ఇప్పుడు కోసినవాడికే తెలియడం లేదు. తన జీతం, పిల్లల చదువులు, ఇద్దరి పెళ్ళిళ్ళు అన్నీ ఈ కవర్లోంచే వచ్చాయని అతనికి తోచింది.

అడుగునెక్కడో అది దొరికింది. వెనక తన అక్షరాలతోనే కొలతలు ఉన్నాయి. పేరు లేదు.

సొరుగు మొత్తం బయటికి లాగి, పాత కాగితం ఎత్తాడు. పట్టీ అలాగే ఉంది, అంచులు కాస్త పసుపెక్కాయి. రెంటినీ టేబులు మీద పెట్టి, దగ్గరికి జరిపాడు. కోత కోతకి ఆనింది.

కింది ముక్కలో కర్ర ఉంది. అడ్డంగా, తిన్నగా, కదలకుండా. పక్కన స్తంభానికి ఎత్తు రాసిన బోర్డు ఉంది. కర్రకి అవతల, తలకిందులుగా, ఆమె ముఖం ఉంది. పళ్ళు బిగించి, మెడనరాలు తేలి, కళ్ళు ఇంత చేసుకుని కర్రవైపే చూస్తోంది, పడిందా లేదా అని. ముఖం అందంగా లేదనే ఆనాడు కెప్టెన్ గీత దాని పైనుంచి గీశాడు. ఇప్పుడు రెండూ కలిశాక ఫొటోలో పడుకున్న మనిషి ఎవరూ లేరు. ప్రాణాలన్నీ కూడదీసుకుని గోడలాంటి ఎత్తుని దాటుతున్న పిల్ల ఉంది. తండ్రి దీన్ని చూసి ఉంటే నిజంగానే ఆయనకే తెలిసేది.

కూతురు స్టూలు మీంచి లేచి వచ్చింది. ఫొటో మీదికి వంగి చూసింది. “పళ్ళు అట్లా బిగించడం... గ్యాసు బండ జరిపేటప్పుడు కూడా అమ్మ అట్లాగే చేసేది” అంది చివరికి, నవ్వబోయి ఏడ్చేసింది.

“దీన్ని కోసింది నేనేనమ్మా” అన్నాడు కత్తెర.

ఆమె తలెత్తి చూసింది. “మీరేనా? మిమ్మల్ని అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదండీ. పాపం మంచివాడే, అడిగి చూస్తానన్నాడు, పైవాళ్ళు ఒప్పుకుని ఉండరు, అనేది. సంవత్సరం పాటు రోజూ పేపరు చూసిందట.”

ఆవిడ తిట్టిపోసి ఉంటే ఎంత బాగుండేది! ఇక్కడ ఊరుకుంటే ఎవరికీ తెలియదు, మంచివాడు మంచివాడుగానే మిగిలిపోతాడు. కానీ ఆ మాట మింగుడు పడలేదు.

“నేను అడగలేదమ్మా. అడుగుతానన్నాను గానీ అడగలేదు. ఎవర్నీ అడగలేదు.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

“అమ్మకి తెలియకపోవడమే మంచిదైంది లెండి” అంది మెల్లగా.

అతను రెండు ముక్కల్నీ తెల్ల అట్ట మీద అతికించాడు. మధ్యన వెంట్రుకంత కోత కనిపిస్తూనే ఉంది. తీసుకెళ్ళి కెప్టెన్‌కి చూపించాడు.

“అబ్బో, దొరికిందే! సింగిల్ కాలమే కత్తెరా, చోటు లేదు. పోయిన మనిషి, పద్ధతిగా ముఖం వేద్దాం.” కెప్టెన్ నీలం పెన్సిలు తీసి ముఖం చుట్టూ చిన్న చతురస్రం గీశాడు. “ఇదొక్కటి కోసి తిరగేసి పెట్టు. చాలు.” ఆ మాట అనేసి భోజనానికి వెళ్ళిపోయాడు.

కర్ర మళ్ళీ బయటే ఉండిపోయింది.

కత్తెర తన చోటికొచ్చి కూర్చున్నాడు. కత్తి అలవాటుగా చేతికొచ్చింది. ఎదురుగా ఆ అమ్మాయి చూస్తోంది, తల్లి చూసినట్టే. అతను కత్తి పక్కన పెట్టి, రబ్బరు తీసి నీలం గీతని శుభ్రంగా తుడిచేశాడు. అలమరలోంచి నల్ల సిరా సీసా తీశాడు.

ఆ ఆఫీసులో ఒక పట్టింపు ఉంది. పోయినవాళ్ళ ఫొటో చుట్టూ నల్లగీత గీసేది కోత అంతా అయ్యాకే. ఒకసారి గీత పడిందా, ఇక దాన్ని ఎవరూ కొయ్యరు. ఎప్పుడో ఎవరో గీత లోపల కోస్తే నెల తిరక్కుండా అతనింట్లో శవం లేచిందని చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఆ గీతని నమ్ముతారు. దాన్ని గీసేది కత్తెర ఒక్కడే.

స్కేలు ఆనించాడు. గీతల పెన్ను సిరాలో ముంచి, మొత్తం ఫొటో చుట్టూ, కర్రనీ ముఖాన్నీ బోర్డునీ ఆమె కాళ్ళనీ లోపలికి తీసుకుంటూ నాలుగు గీతలు గీశాడు.

రెండున్నరకి కెప్టెన్ వచ్చి చూశాడు. “ఇదేంటిది? నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? కొయ్యి!”

“నల్లగీత పడిందండి.”

“ఎవడు గియ్యమన్నాడు?”

“ఎవరూ అన్లేదండి.”

“అయితే నేనే కోస్తా. ఇటివ్వు కత్తి.”

కత్తెర కత్తిని పిడివైపు తిప్పి అందించాడు. కెప్టెన్ దాన్ని గీత మీదికి తెచ్చాడు. స్టూలు మీది అమ్మాయి కళ్ళార్పకుండా చూస్తోంది. కెప్టెన్‌కి ఇంట్లో ముసలి అమ్మా, ఆసుపత్రిలో ఉన్న బావమరిదీ గుర్తొచ్చారో ఏమో, కత్తి టేబులు మీద పడేశాడు.

“ఛీ! ఇన్నాళ్ళకి పొడుచుకొచ్చింది ముసలాడికి పౌరుషం! రెండు కాలమ్‌లు ఎక్కణ్ణుంచి తేవాలయ్యా నేను?” పేజీ మీద వెతికి, ఒక స్టారు ఆటగాడి కొత్త హెయిర్‌స్టయిల్ గురించిన ముక్క పీకేశాడు. “ఇదుగో, పెట్టు. ఏమ్మా, మీ అమ్మ పూర్తి పేరేంటి? ఎంత ఎత్తు దూకింది?”

ఆ అమ్మాయి లేచి నిలబడి చెప్పింది. ఫొటో కింద పేరు, ఎత్తు పడ్డాయి. ఇంకో మాట లేదు.

నాలుగింటికి అచ్చు కోసం ఫొటో తీయడం అయిపోయి పేజీ కెమెరా గదిలోంచి బయటికొచ్చాక, కత్తెర ఆ అట్టని జాగ్రత్తగా ఊడదీసి అమ్మాయికిచ్చాడు. తాతయ్య ఇంకా ఉన్నాడని, చూపు కొంచెం ఆనుతుందని చెప్పి, ఫైల్లో పెట్టుకుని వెళ్ళింది. ధన్యవాదాలు చెప్పలేదు. చెప్పకపోవడమే సబబనిపించింది అతనికి.

అయిదింటికి చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో గమ్ముని అగ్గిపుల్లతో గీకి గీకి తీశాడు. తడి ఆరని ప్రూఫు పేజీ ఒకటి నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకున్నాడు, ఆటల పేజీనే, ఇంటికి.

“రేపట్నుంచి రానండి” అన్నాడు కెప్టెన్‌తో.

“జ్వరమా?”

“కాదండి.”

“సరే సరే” అన్నాడు కెప్టెన్ తలెత్తకుండా. ఎల్లుండికి గానీ ఆయనకి ఆ మాట అర్థం కాలేదు.

లైటు ఆర్పబోతూ కత్తెర వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని బుట్టలో చెయ్యి పెట్టాడు. లైటు ఆరాక ఆ టేబులు మీద, తొడుగు పెట్టిన కత్తి కింద ఎగిరిపోకుండా, పొద్దున కోసిన ముక్క ఉంది: రాకెట్టు, గాల్లో బంతి, ఆ అమ్మాయి చెయ్యి.