మాకు సన్మానం వద్దు, చివరి రీలు కావాలి

మా సంఘానికి ఈ ఊళ్ళో జరగని సన్మానం లేదు. జరగనిదల్లా ఒక్కటే, ఒక సినిమా మొదటి నుంచి చివరిదాకా చూడడం.

మమ్మల్ని పిలిచే పేరు చాలాసార్లు మార్చారు. ఒకప్పుడు కుంటి, గుడ్డి, చెవిటి అని మొహం మీదే అనేవాళ్ళు. తర్వాత వికలాంగులన్నారు. ఆ తర్వాత దివ్యాంగులన్నారు. పేరు మార్చినప్పుడల్లా ఒక సభ పెట్టారు. సినిమా హాలు ముందున్న మెట్లు మాత్రం ఎవడూ మార్చలేదు.

నెలకోసారి అందరం కలిసి బయటికెళ్ళాలని మా సంఘం నియమం. ఇంట్లో కూర్చోబెడితే కూర్చునే వస్తువులం కాము కదా. పార్కుకి వెళ్ళాం, చేపల తొట్లు చూశాం, చెరుకు రసం తాగాం. ఎక్కడికెళ్ళినా మాకంటే ముందు అక్కడ దాతగారుంటాడు. ఆయనకి ఫర్నిచర్ షోరూం ఉంది, నోట్లో ఒక ప్రసంగం ఉంది. "వీళ్ళని చూసి మనం నేర్చుకోవాలి" అని మొదలుపెడతాడు. ఏం నేర్చుకున్నాడో ఆయనిచ్చే బహుమతులు చూస్తే తెలుస్తుంది. రెండు చంకల్లో రెండు కర్రలతో ఒంటికాలి మీద నడిచే నాకు గొడుగిచ్చాడు. ఏ చేత్తో పట్టుకోవాలో చెప్పలేదు. పుట్టినప్పటి నుంచీ చూపులేని పాటల మాస్టారుకి గోడకి తగిలించుకునే అద్దమిచ్చాడు. చెవులు వినపడని వడ్రంగికి అలారం గడియారం. మా అధ్యక్షురాలు టైలరక్క చక్రాల కుర్చీలోంచి లేవలేదు. ఆవిడకి ఇంకో కుర్చీ ఇచ్చాడు, ఊగేది.

ఇవన్నీ భరించాం. భరించలేనిది సినిమా హాలు మేనేజరు తెలివి.

మేం హాల్లో కనపడితే చాలు, మేనేజరు దాతగారికి ఫోన్ కొడతాడు. ఇంటర్వెల్‌లో మమ్మల్ని తెర ముందు వరసగా నిలబెడతారు, నిలబడలేనివాళ్ళని నిలబడ్డట్టు పట్టుకుంటారు. పూలగుత్తులు, ఫొటోలు, ప్రసంగాలు. అంతా అయ్యేసరికి బోలెడు టైం పోతుంది. తర్వాతి ఆట మాత్రం వేళకి పడాలి. పోయిన టైం ఎక్కడి నుంచి తేవాలి? మొదటి సగం ఎలాగూ అయిపోయింది. అందుకని మేనేజరు చివరి రీలు ఎత్తేస్తాడు. జనం గోల చేయబోతే ఆయన లేచి మా వైపు చెయ్యి చూపించి, వీళ్ళ కోసం ఆ మాత్రం చెయ్యలేమా అంటాడు. హాలు హాలంతా సిగ్గుపడి, క్లైమాక్స్ లేకుండానే నోరు మూసుకుని ఇంటికి పోతుంది. మేం టికెట్ల వరసలో నిలబడితే వెనకవాళ్ళు కొనకుండా జారుకునే రోజులొచ్చాయి. మా మొహం మీద మాత్రం ఎవరూ ఏమీ అనరు. అంటే బాగుండు.

ఈసారి వచ్చింది హత్య సినిమా. ఒక పెద్ద మేడ, అందులో ముసలి షావుకారు చస్తాడు. అనుమానం నలుగురి మీద. కొడుకు, వంటమనిషి, డాక్టరు, గేటు దగ్గర చంకకర్రతో అడుక్కునే కుంటివాడు. రెండు సార్లు వెళ్ళాం. రెండు సార్లూ సన్మానం జరిగింది, హంతకుడు దొరకలేదు.

కుంటివాడు చంపలేదని నా వాదన. సినిమాల్లో మనవాడైతే దేవుడన్నా కావాలి, దొంగన్నా కావాలి, మామూలుగా బతకనివ్వరు కదా, అదే నా మంట. మాస్టారు మాత్రం మొదటిసారే మెల్లగా అన్నాడు, "వాడు మనవాడు కాదోయ్. నిజం కుంటివాడికి కర్ర ముందు పడాలి, కాలు తర్వాత పడాలి. వీడికి కాలు ముందు పడుతోంది. కర్ర గుర్తొచ్చి తర్వాత వేస్తున్నాడు."

మాకెవరికీ ఆ తేడా కనపడలేదు, వినపడలేదు. రెండోసారి చెవులు రిక్కించినా వినపడలేదు. టైలరక్క నవ్వి, ఆ నటుడికి కుంటడం రాకపోయి ఉంటుంది మాస్టారూ, వాళ్ళకి మన పాట్లు ఎక్కడ తెలుసు అంది.

అది హాస్యానికే అంది. మాస్టారు మొహం మాత్రం వాడిపోయింది. ఎందుకన్నది ఆ సాయంత్రం చెప్పాడు. ఆయన కుడిచెవి పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎడమది కూడా పోతోందట. చెవి డాక్టరు ఏవో శబ్దాలు వినిపించి, వినపడ్డప్పుడు చెయ్యెత్తమన్నాడట. డాక్టరు మీట నొక్కనప్పుడు కూడా ఈయన చెయ్యెత్తాడట. లేని శబ్దాలు వినపడుతున్నాయంటే చెవి మోసం చేయడం మొదలుపెట్టినట్టే, ఇక దాన్ని నమ్ముకోవద్దు అన్నాడట డాక్టరు. పిల్లలకి పాట నేర్పి బతికే మనిషి. రోడ్డు దాటాలన్నా చెవే, మనిషిని గుర్తుపట్టాలన్నా చెవే. ఆ కర్ర చప్పుడు తను నిజంగా విన్నాడా, తన చెవి కల్పించిందా? కుంటివాడు దొంగ కుంటివాడైతే చెవి ఇంకా పనిచేస్తున్నట్టు. కాకపోతే ఆయన పాఠాలు మానేస్తాడు, ఒంటరిగా గడప దాటడం కూడా మానేస్తాడు. అదీ సంగతి.

సినిమా చూసినవాడిని అడిగితే పోయేదానికి ఇంత రభస ఎందుకంటారా? నేనూ అదే అన్నాను. వీధిలో నలుగురు జాలిపడి చెప్పబోయారు కూడా. మాస్టారు రెండు చెవులూ మూసుకున్నాడు, పనిచేయని దాన్ని కూడా. "గుడ్డివాడికి అన్నీ ఎవరో ఒకరు చెప్పేవే. ఈ ఒక్కటీ నేను విని తేల్చుకుంటా" అన్నాడు.

ఆ ఆదివారం మ్యాట్నీతో సినిమా ఎత్తేస్తున్నారు. ముందురోజు టైలరక్క కొట్లో కూర్చున్నాం. మేం కనపడకుండా హాల్లోకి ఎలా దూరాలన్నది సమస్య. తలో మాట అన్నాం. మాస్టారు నల్ల కళ్ళజోడు తీసేసి పేపరు చదువుతున్నట్టు పట్టుకుంటానన్నాడు. తలకిందులుగా పట్టుకుంటావని అక్క కొట్టిపారేసింది. చివరికి కత్తెర బల్ల మీద పెట్టి ఆవిడే తేల్చింది.

"ఊరికే వెళ్తేనే మనల్ని పట్టుకుంటున్నారు. పనికి వెళ్దాం. పనిచేసుకునేవాళ్ళ మొహం ఎవడు చూస్తాడు? సన్మానం ఎవడు చేస్తాడు?"

హాలు సీట్లకి గుడ్డలు కుట్టే పని అంతకుముందే ఆవిడకి వచ్చి ఉంది. వెనక గేటు నుంచి గుడ్డల మూటలు ఒళ్ళో పెట్టుకుని వెళ్తుంది. అక్కడ మెట్లు లేవు, సోడా పెట్టెల బండి కోసం నున్నటి ఏటవాలు దారి కట్టారు. సోడాసీసాలకి ఉన్న గౌరవం అది. వడ్రంగి, మాస్టారు ఒక పొడుగాటి చెక్క చెరో చివర పట్టుకుని వెళ్తారు, చెవిటివాడు ముందు, గుడ్డివాడు వెనక. మరి నేను? ఈ రెండు కర్రలు ఏ మూటలో దాచినా దాగవు.

"నువ్వు ఎరవి తమ్ముడూ" అంది అక్క. "వాళ్ళకి ఒక్కడు దొరికితే చాలు, రెండోవాడి కోసం వెతకరు. వాళ్ళు తెర దగ్గరికి వెళ్ళకుండా చూసే పూచీ నీది. ఎలా అన్నది నన్నడక్కు."

ఆదివారం నేను ముందు గుమ్మం నుంచి, ఊరంతా వినేట్టు టకటకమంటూ వెళ్ళాను. వీపున సంచి. మేనేజరు కళ్ళు మెరిశాయి. మిగతావాళ్ళేరని అడిగాడు. దారిలో ఉన్నారు, మాకు నడక ఆలస్యం కదండీ అన్నాను. ఫోన్ వెళ్ళింది. దాతగారు పూలగుత్తులతో దిగాడు. అప్పటికే వెనక గేటు దగ్గర గూర్ఖా "జరగండి, జరగండి, చెక్క వస్తోంది" అని జనాన్ని తప్పిస్తున్నాడు. మాస్టారికి జీవితంలో అంత దారి ఎప్పుడూ దొరకలేదు. లోపలికి పోయి వెనక వరసలో చెక్క ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారట. ఎందుకని ఎవడూ అడగలేదు. చెక్క మోసేవాళ్ళు ఎక్కడున్నా పనిమీద ఉన్నట్టే లెక్క.

మిగతావాళ్ళు రావాలని నన్ను లాబీలోనే ఆపేశారు. ఇంటర్వెల్ వచ్చింది. ఇంకా రాలేదేం వీళ్ళు, అని దాతగారు విసుక్కుని, పోనీ ఇతనొక్కడికే చేసేద్దాం, పద తెర దగ్గరికి అన్నాడు. ఆయన చెయ్యి నా భుజమ్మీద పడింది. ఆ చెయ్యి పడితే ఎంతమంది క్లైమాక్సులు ఎగిరిపోయాయో నాకు తెలుసు.

"ఆగండి సార్" అన్నాను. "ముందు మా సంఘం మీ ఇద్దరికీ సన్మానం చేయాలని తీర్మానించింది. ఇక్కడే, ఈ గుమ్మంలో."

పొగడ్త మొదలయ్యాక కదిలి వెళ్ళే మగాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇద్దరూ నిలబడిపోయారు. లోపల గంట మోగింది, దీపాలారాయి, సినిమా నడిచింది. నేను గొంతు సవరించుకున్నాను. ప్రసంగం వెతుక్కోనక్కర్లేదు, ఏళ్ళ తరబడి నాకు వినిపించిందే తిప్పి పెట్టాను.

"దాతగారిని చూసి మనం నేర్చుకోవాలి. పుట్టుకతోనే ఈయనకి రెండు కాళ్ళున్నాయి. అయినా కుంగిపోలేదు. పొద్దున్నే ఎవరి సాయం లేకుండా లేస్తాడు. తన చొక్కా తనే తొడుక్కుంటాడు. రెండు కళ్ళూ కనపడుతున్నా ధైర్యంగా షోరూంకి వెళ్తాడు. ఇంతటి మనిషికి పెళ్ళి కూడా అయిందంటే, ఆ ఇల్లాలి త్యాగం ఎంతటిదో ఆలోచించండి."

లాబీలో టికెట్లు చింపేవాళ్ళు, సోడా కొట్టువాడు చప్పట్లు కొట్టారు. కొట్టాలేమో అనుకున్నారు పాపం. దాతగారు ఒకసారి కనుబొమలు ముడిచాడు. మాటల్లో ఎక్కడో ఏదో తేడాగా ఉంది, ఎక్కడో దొరకలేదు ఆయనకి. వింటున్న కొద్దీ తల ఊపడం మొదలుపెట్టాడు. కాళ్ళయ్యాక చేతులు, చేతులయ్యాక చెవులు, ఆ తర్వాత ముక్కు. మేనేజరు దగ్గరికొచ్చేసరికి అవయవాలు అయిపోయాయి, ఆయన వెన్నెముకతో సరిపెట్టాను. కాళ్ళు లాగుతున్నాయి, కుర్చీ ఏమైనా ఉందా అని దాతగారు అడిగాడు. సన్మానంలో కూర్చోకూడదండీ, మేమెప్పుడైనా కూర్చున్నామా అన్నాను.

తర్వాత సంచి విప్పాను. మాస్టారుకిచ్చిన అద్దం దాతగారికే ఇచ్చి, ఇందులో ఒక గొప్పవాడు కనపడతాడన్నాను. వెనక్కి తిప్పి తన షోరూం చీటీ చూసుకుని, మంచి సరుకు అన్నాడు. అలారం గడియారం మేనేజరుకి. గొడుగు ఎవరికివ్వాలో తోచక సోడా కొట్టువాడికిచ్చాను. అప్పుడు దాతగారు అద్దం గుండెకి హత్తుకుని, కళ్ళు తుడుచుకుని ఒక మాటన్నాడు.

"మా ఇంట్లో ఒక్కరు కూడా ఇలా గుర్తించలేదయ్యా నన్ను."

ఒక్క క్షణం జాలేసింది. ఇంకోసారి పొగిడాను కూడా, ఈసారి కొంచెం మనస్ఫూర్తిగా. అంతలో హాల్లోంచి పెద్ద అరుపు, ఈలలు, ఎవరో పరిగెడుతున్న చప్పుడు. తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. మేనేజరు కొత్త గడియారం చూసుకుని, అరే, సన్మానానికి టైమే లేకుండా పోయిందే అని లబలబలాడాడు.

జనం బయటికొచ్చారు. మొదటి వరస నన్ను చూసి టక్కున ఆగింది. వెనకవాళ్ళు వచ్చి వాళ్ళకి గుద్దుకున్నారు. అందరి చూపూ నా చంకల్లో ఉన్న కర్రల మీద. ఒకావిడ పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది. ఒక పెద్దమనిషి పర్సు ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ ఊరు నన్ను చూసి అయ్యోపాపం అనుకోలేదు.

నాకు అర్థమైంది. చంపింది ఆ కర్రవాడే. నిజం కుంటివాడా, దొంగ కుంటివాడా అన్నదే తేలాలి. మాస్టారు ఏడి?

"జరగండి, చెక్క" అన్నారెవరో. జనం చీలి దారిచ్చారు. వడ్రంగి ముందొచ్చాడు, మొహమంతా నవ్వు. చెక్క రెండో చివర మాస్టారు. పక్కనే కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ టైలరక్క. మాస్టారు నా కర్ర చప్పుడు పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మెట్ల దగ్గర కర్ర పారేశాడోయ్. పరిగెత్తాడు. రెండు కాళ్ళూ సమంగా, దరువేసినట్టు." చెక్క మీద రెండు వేళ్ళతో ఆ దరువు వేసి చూపించాడు. "నా చెవికేమీ కాలేదు. ఆ డాక్టరు మీటే ఏదో పాడై ఉంటుంది."

చెవి నిజంగా ఎన్నాళ్ళుంటుందో మాకు తెలియదు. ఇవాళ పనిచేస్తోందని మాత్రం ఆయనకి తెలుసు. రేపు పాఠం ఉంది, నువ్వు నన్ను ఇంటిదాకా దిగబెట్టక్కర్లేదు, నేనే పోతా అన్నాడు.

జనం ఇంకా కదల్లేదు. గుంపులో ఒకడు ధైర్యం చేసి, "సార్, మీ కర్రలు ఒక్కసారి వదుల్తారా" అని అడిగాడు. టైలరక్క వాణ్ణి తిట్టబోయింది. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు.

"వదలక్కర్లేదు. నడవరా, విందాం."

ఆ లాబీ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఊపిరి బిగబట్టి అందరూ విన్నారు. దాతగారు అద్దం పట్టుకుని విన్నాడు. మాస్టారు ఎడమచెవి నా వైపు తిప్పి, తల వంచి, చివరిదాకా విన్నాడు.

"కర్రలు ముందు, కాలు తర్వాత" అన్నాడు. "వీడు చంపలేదు. ఇళ్ళకి పోండి."

జనం నవ్వారు, దారిచ్చారు. పర్సు మీంచి చెయ్యి తీసిన పెద్దమనిషి వెంటనే నా వైపు అయ్యోపాపం అన్నట్టు చూశాడు. ఇంకొంచెం సేపు నన్ను హంతకుడిగా ఉండనిచ్చి ఉంటే ఏం పోయేదని మా దారులు విడిపోయేదాకా మాస్టారుని సాధించాను.