జోలపాటలో మిగతా సగం

మధ్యాహ్నం కునుకులో ఎవరో నన్ను జోకొడుతున్నారు. ఆ గొంతు మగదో ఆడదో తెలియదు. నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు, తాపీగా, ఒక్కో స్వరాన్నీ సాగదీస్తోంది. హాయిగా ఉంది. ఆ హాయిలోనే ఉన్నట్టుండి ఒళ్ళు జలదరించింది. అది నా కూతురి కోసం నేను కట్టిన పాట.

లేచి కూర్చున్నాను. కల పోయింది గానీ పాట పోలేదు. పక్కగదిలోంచి వస్తూనే ఉంది.

ఆ గది మా అన్నయ్య కొడుకుది. గోడలకి దుప్పట్లు కొట్టి, కిటికీకి పరుపు అడ్డం పెట్టుకుని దాన్ని స్టూడియో అంటాడు. నేను గుహ అంటాను. మొదటిసారి ఒక సినిమాకి పాట చేస్తున్నాడు. పల్లవి విని దర్శకుడు ఎగిరి గంతేశాడట. చరణం మాత్రం కుదరక జుట్టు పీక్కుంటున్నాడు. పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరికీ వినిపించనని భీష్మించుకు కూర్చున్నాడు, మహానుభావుడు.

తలుపు తోశాను.

"ఎవర్రా ఆ పాడేది?"

"నిద్ర చెడగొట్టానా అత్తా? తగ్గిస్తాలే."

"అడిగినదానికి చెప్పు."

"ఎవరో, నాకేం తెలుసు? గొంతులూ వాయిద్యాలూ ముక్కలుగా అమ్ముతారు. లైసెన్స్ కొనుక్కుంటే పాటలో వాడుకోవచ్చు. నేను వేగం తగ్గించి, శ్రుతి దించి, కోసి అతికించాను."

"నువ్వు చెయ్యి పెట్టకముందు ఎలా ఉందో అలా వెయ్యి."

వేశాడు. ఈసారి నీళ్ళు లేవు. లేత గొంతు, గలగలమంటూ గదంతా నిండింది. గొంతుకి ఆపరేషన్ కాకముందు నాకుండే గొంతు అది. అక్కడే చతికిలపడ్డాను.

అప్పట్లో కోరస్‌లో పాడేదాన్ని. ఒకరోజు ఏదో కంపెనీవాళ్ళు మమ్మల్ని పిలిచి, మాటలు లేకుండా ఏదైనా కూనిరాగం తీయమన్నారు. మిగతావాళ్ళు తెలివిగా సరళీస్వరాల్లాంటివి పాడి బయటపడ్డారు. నాకు ఇంటి దగ్గర పాలకి ఏడ్చే పిల్ల తప్ప ఇంకేదీ తలకెక్కడం లేదు. నోటికొచ్చింది పాడాను. నోటికొచ్చింది ఆ జోలే. సగంలో ఉండగా అద్దం వెనక రికార్డు చేస్తున్నాయన చాలన్నట్టు చెయ్యెత్తాడు. చూపించినచోట సంతకం పెట్టి ఇంటికి పరిగెత్తాను. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

ఇదంతా చెబితే మేనల్లుడు నోరెళ్ళబెట్టాడు. తర్వాత మెల్లిగా, "నీదే అనుకో అత్తా. కానీ హక్కులు ఇచ్చేశావుగా. నేను సక్రమంగానే కొన్నాను," అన్నాడు.

"వాడుకో. వద్దన్నానా? ట్యూన్ ఎవరిదని పేరు వేస్తున్నావు?"

వాడు నేలచూపులు చూశాడు. "దర్శకుడు అడిగితే నాదే అన్నాను. అంతగా మార్చాను కదా. ఇప్పుడు కాదంటే నన్ను సాగనంపేస్తాడు."

"బట్ట కొని చొక్కా కుట్టుకుంటే దాన్ని నేసినవాడివైపోతావట్రా? కుట్టు నీదను, ఎంత గొప్ప కుట్టయినా నీదే. నేత నాది!"

అరిచేసరికి గొంతు కీచుమంది. ఏడుపొచ్చింది. కోపంలో వచ్చే ఏడుపంటే నాకు ఒళ్ళుమంట. వాడిదీ మొదటి పాటే పాపం, వాడి కడుపు కొట్టాలని నాకూ లేదు. కానీ ఇంత బతుకులో నేను సొంతంగా కట్టింది అదొక్కటే. దాన్ని ఊరూరా పాడుకుంటుంటే, వాడి పేరు వింటూ నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు.

"అసలది అక్కడితో అయిపోదురా," అని మిగతా సగం అందుకున్నాను. గరగరలాడుతూ, ఆయాసపడుతూనే. గదిలో దుప్పట్లు, వైర్లు, ఎర్రలైటు అన్నీ చెదిరిపోయి, ఒడిలో వెచ్చటి బరువు, చీకట్లో చిన్న గుప్పిట తెరుచుకోవడం కనిపించాయి. కళ్ళు తెరిచేసరికి వాడు కొయ్యబారిపోయి ఉన్నాడు.

"ఇదే... చరణం ఇదే అత్తా!" అంటూ రికార్డు బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"చెయ్యి తియ్యి. ముందు ఎవరిదో మీ దర్శకుడికి చెప్పు."

చెయ్యి తీశాడు. ఆ ఇరుకుగదిలోనే అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఫోన్ తీసి, నాకూ వినబడేలా పెట్టి, దర్శకుడికి కలిపాడు.

"ఏమయ్యా, చరణం వచ్చిందా?"

"వచ్చింది సార్. కానీ ఆ ట్యూన్ నాది కాదు, మా అత్తది. నేను కోసి అతికించానంతే."

"మొన్న నీదే అన్నావు?"

"అబద్ధం చెప్పాను సార్."

వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎందుకడిగానురా దేవుడా అనిపించింది నాకు.

"ఆవిడ ఉన్నారా అక్కడ? మాట్లాడమను. ఇందులో ఏది నిజమో నాకెలా తెలియాలి?"

ఫోన్ అందుకున్నాను. మొదటి నుంచీ పాడాను. పై స్వరం దగ్గర గొంతు చీలింది. ఆపరేషన్ తర్వాత ఎప్పుడు పాడబోయినా అక్కడే సిగ్గుపడి మానేసేదాన్ని. ఈసారి చీలిన గొంతుతోనే చివరిదాకా వెళ్ళాను. పిల్ల నిద్రపోయాక పాడినట్టు, ఆఖరి స్వరాల్ని ఊపిరిలోకి దించేశాను.

దర్శకుడు గొంతు బాగా తగ్గించాడు, ఎవరో నిద్ర లేస్తారన్నట్టు.

"ఆ పాపకి ఇప్పుడెంత వయసమ్మా?"

పాప సంగతి ఆయనకి మేమెవరమూ చెప్పలేదు.