చట్టానికి మాసిక

జిగురు ఉడుకుతున్నంతసేపూ ఆయన గరిటె ఆపడు. ఆపితే అడుగంటుతుంది, అడుగంటిన జిగురుతో చట్టాన్ని అంటించకూడదని ఆయన పట్టుదల. లైబ్రరీ వెనక వరండాలో, సింకు పక్కన ఒంటి పొయ్యి మీద చిన్న గిన్నె. అందులో మూడు చెంచాల మైదా, గ్లాసుడు నీళ్లు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. తెల్లటి నీళ్లు చిక్కబడి మెరవడం మొదలుపెట్టగానే పొయ్యి కట్టేసి, గిన్నెను తడిగుడ్డ మీదికి దించి, పుల్లతో కాస్త తీసి రెండు వేళ్ల మధ్య రుద్ది చూసుకుంటాడు. బజార్లో డబ్బాల్లో తయారు జిగురు దొరక్కపోలేదు. లైబ్రేరియన్ మేడం ఒకసారి తెప్పించారు కూడా. ఆయన వద్దనలేదు, సరేననలేదు. మూత తియ్యకుండా ఆరేళ్లు అలమరలో ఉంచాడు.

ఈ లైబ్రరీలో కథల పుస్తకాలు లేవు. నేల నుంచి కప్పు దాకా అన్నీ చట్టాలే. ఎవరైనా రావచ్చు, ఏదైనా తీసి చదువుకోవచ్చు. చట్టం మారినప్పుడల్లా ప్రభుత్వం వేలెడు వెడల్పు చీటీలు అచ్చువేసి పంపుతుంది. ఫలానా పుస్తకం, ఫలానా పేజీ, ఫలానా మాట తీసి ఈ మాట పెట్టండి అని వాటి మీద ఉంటుంది. ఆ చీటీని కత్తిరించి, పాత మాట మీద తిన్నగా కూర్చోబెట్టి, పై అంచుకు మాత్రమే జిగురు రాసి అంటించాలి. కావాలంటే ఎత్తి కింద పాతదేముందో చూసుకోవచ్చు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే. అందరూ జిగురు బాబాయ్ అంటారు. అసలు పేరుతో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పనిలేదు.

పొద్దున బయల్దేరుతుంటే అక్క గుమ్మంలో నిలబడి ఎత్తిపొడిచింది. ఆయనకు పెళ్లి కాలేదు, అక్క భర్త పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

"ఒరేయ్, ఊళ్లో కాగితాలన్నీ అంటిస్తావు. నా చెప్పు పట్టీ తెగి నెల్లాళ్లయింది, కంటికి కనబడదేం?"

"సాయంత్రం చూస్తాలే అక్కా."

"ఏ సాయంత్రమో అది కూడా చీటీ రాసి అంటించరాదూ?"

ఆయన నవ్వలేదు. ఆయనకు వెంటనే నవ్వడం రాదు. బస్సెక్కి రెండు స్టాపులు దాటాక ఒక్కడే కాస్త నవ్వుకున్నాడు.

చదువు పదో తరగతి దగ్గరే ఆగినా పుస్తకాలంటే ఆయనకు భయంతో కూడిన భక్తి. సబ్బుతో చేతులు కడిగి, తుడిచి, ఆరేదాకా గాల్లో పట్టుకుని గాని ఏ పుస్తకమూ తెరవడు. ఇక్కడ ఆయన రెండు నియమాలకు కట్టుబడి బతికాడు. మొదటిది లైబ్రరీది. తలుపు పక్కన బోర్డు మీద రాసే ఉంది: సిబ్బంది పుస్తకం చూపిస్తారు, అర్థం చెప్పరు. రెండోది ఆయన సొంతం. ఒక పుస్తకానికి ఎన్ని ప్రతులుంటే అన్నిటికీ ఒకే పూట చీటీ అంటించాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరు లాయర్లు ఒకే పుస్తకం రెండు ప్రతులు పట్టుకుని, నువ్వు అబద్ధం చెబుతున్నావంటే నువ్వు చెబుతున్నావని రీడింగ్ హాల్లో చొక్కాలు పట్టుకోబోయారు. ఒకదానికి చీటీ ఉంది, రెండోదానికి లేదు. అంతే. ఆ రోజు నుంచి అన్ని ప్రతులూ బల్ల మీదికి వస్తే తప్ప ఆయన కుంచె ముంచలేదు.

ఆ నియమం వల్లే అద్దె నిబంధనల చీటీలు మూడు వారాలుగా ఆయన డ్రాయర్లో ఉండిపోయాయి. పుస్తకానికి మూడు ప్రతులు. మూడోదాన్ని నగరపాలక కార్యాలయం వాళ్లు అరువు తీసుకెళ్లి, ఇవాళ రేపు అంటున్నారు. ఆయన రెండు ఉత్తరాలు రాసి, వస్తుందిలే అని కూర్చున్నాడు.

ఇవాళ గురువారం. గురువారం పది నుంచి ఒంటిగంట దాకా నలుగురు లాయర్లు ఇక్కడ ఊరికే సలహా చెబుతారు. ఆయన పొద్దున్నే నాలుగు బల్లలు దూరదూరంగా జరిపి, కుర్చీలు వేసి, మంచినీళ్లు పెట్టి, వచ్చినవాళ్లకు టోకెన్లు ఇస్తాడు. కోర్టులో గొంతు చించుకుని వాదించే మనుషులు ఇక్కడ ముందుకు వంగి కూర్చుని, ప్లాస్టిక్ సంచుల్లోంచి నలిగిన కాగితాలు తీసేవాళ్లతో "కంగారేం లేదు, నిదానంగా చెప్పండి" అంటారు. ఎవరూ రమ్మని బలవంతపెట్టకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, వారం వారం వస్తారు. పన్నెండేళ్లుగా చూస్తున్నా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయనకు ఒళ్లు పులకరిస్తుంది.

ఏడో నంబరు టోకెను ఒక టైలరమ్మది. నలభై దాటి ఉంటాయి. పని మధ్యలోంచి లేచొచ్చినట్టుంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. నలుగురిలో వయసులో చిన్నదైన లాయరమ్మ బల్ల దగ్గర కూర్చుని నోటీసు తీసి ముందు పెట్టింది. దుకాణాల పైన మేడ మీద రెండు గదులు. కిటికీ పక్కన కుట్టుమిషను, లోపలి గదిలో కాళ్లూ చేతులూ పడిపోయిన మామగారు. ఇంటాయనకు గదులు కావాలట, ఖాళీ చెయ్యమన్నాడు.

"నోటీసు మీ చేతికి ఎప్పుడొచ్చిందండీ?" అని అడిగింది లాయరమ్మ.

"నాలుగో తారీఖున. ఆ రోజే మామయ్యకు ఊపిరాడక ఆసుపత్రికి పరిగెత్తాను. అది మిషను డ్రాయర్లో పడేశాను. మళ్లీ చూస్తే ఇదిగో, ఇవాళ ఇరవైమూడు."

లాయరమ్మ అద్దె నిబంధనల పుస్తకం అడిగింది. జిగురు బాబాయ్ నిచ్చెనెక్కి, మూడో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుని, పుస్తకం దించి ఇచ్చాడు. గ్లాసుల్లో నీళ్లు నింపుతూ అక్కడే నిలబడ్డాడు. లాయరమ్మ వేలు పేజీ మీద జరిగి జరిగి ఒకచోట ఆగింది.

"పదిహేను రోజుల్లో అద్దె కోర్టుకు జవాబు ఇవ్వాలి. నాలుగు రోజులు దాటిపోయింది."

"దాటితే ఏమవుతుందమ్మా?"

"మీ మాట వినకుండానే ఖాళీ చెయ్యమని ఉత్తర్వు ఇచ్చేయొచ్చు."

టైలరమ్మ ఏడవలేదు. టేపును మెడలోంచి తీసి చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. "నేనెక్కడైనా పడుంటాను. మామయ్యను మేడ మీంచి దించాలంటేనే నలుగురు మనుషులు కావాలి. దించాక ఎక్కడ పడుకోబెట్టను?" అంది.

పదిహేను అన్న మాట దగ్గరే జిగురు బాబాయ్ చేతిలో కూజా వంచింది వంచినట్టే ఆగిపోయింది. చీటీలు వచ్చిన రోజున పేజీ నంబర్లు సరిచూసుకుంటూ ఆ మాట ఆయన చదివాడు. నీళ్లు గ్లాసు నిండి బల్ల మీదికి పారాయి. ఎవరూ గమనించలేదు. డ్రాయర్లో ఉన్న మాట పుస్తకంలో ఉండాలి. లేదు. లేనిది తన వల్ల. నోరు తెరిచి చెప్పేస్తే చాలు, కానీ ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ అర్థం చెప్పని నోరు, బోర్డు వంక చూస్తూ అలాగే బిగుసుకుపోయింది.

ఆయన కూజా కింద పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్లాడు. చీటీ, కత్తెర, కుంచె, గిన్నె తెచ్చాడు.

"అమ్మా, ఆ పుస్తకం ఒక్క నిమిషం ఇస్తారా?"

"చదువుతున్నాను కదా బాబాయ్."

"మీరు చదివే పేజీయే కావాలి."

లాయరమ్మ విసుగ్గా తలెత్తి, ఆయన ముఖం చూసి, పుస్తకం వదిలేసింది. ఆయన నిలబడే చీటీ కత్తిరించాడు. మనుషుల ముందు ఈ పని ఎన్నడూ చెయ్యలేదేమో, అంచును రెండుసార్లు సరిచూసుకున్నాడు. పై అంచుకు జిగురు రాసి, గీత మీద గీత వచ్చేలా ఆనించి, ముంజెయ్యి బరువంతా పెట్టి నొక్కాడు. తర్వాత పుస్తకాన్ని లాయరమ్మ వైపు తిప్పి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకున్నాడు. అర్థం ఆయన చెప్పలేదు. పుస్తకం చూపించాడు.

లాయరమ్మ పైకి చదివింది. "'పదిహేను దినములు' అను మాటలకు మారుగా 'ముప్పది దినములు' అను మాటలు ఉంచవలెను." మళ్లీ చదివింది. అమలు తేదీ చూసింది. అది నోటీసు కన్నా ముందే. "ఇది ఎప్పుడొచ్చింది బాబాయ్?"

"నా దగ్గరికొచ్చి మూడు వారాలు. మూడో ప్రతి రాలేదని ఆపాను. తప్పు నాదే తల్లీ."

టైలరమ్మ ఒకసారి ఆవిడ ముఖమూ ఒకసారి ఈయన ముఖమూ చూసింది. "నాకు ముక్క అర్థం కాలేదు. ఇల్లు ఉన్నట్టా, పోయినట్టా?"

"ఇంకా పదకొండు రోజులు గడువుందండీ. మీ జవాబు ఇప్పుడే రాసేద్దాం. మీ మాట వినకుండా ఎవరూ పంపలేరు."

టైలరమ్మ కుర్చీలోంచి లేచి, చీటీ మీదికి వంగి, పనివాళ్లు పనిని చూసే చూపుతో అంచులు చూసింది. ఒక పోగు అటూ ఇటూ కాలేదు.

"ఓహో, చట్టానికి మాసిక వేశారన్నమాట. నాకన్నా శుభ్రంగా వేశారే!"

జిగురు బాబాయ్ అక్కడికక్కడే నవ్వాడు. "తడి ఆరేదాకా మూయకూడదండీ" అని మాత్రం అన్నాడు.

పక్క బల్లల లాయర్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. అంతమందీ ఒక వేలెడు కాగితం ఆరడం చూశారు. ఇన్నేళ్లలో ఎన్ని వేల చీటీలు అంటించాడో ఆయనకే తెలియదు. అంటించాక పుస్తకం అలమరలోకి వెళ్లేది, ఆయన ఇంకొకటి తీసేవాడు. ఒక చీటీ ఇలా వచ్చి ఒక మనిషి మీద వాలడం ఆయన చూడటం ఇదే మొదలు. ఆ కాగితం కింద రెండు గదులున్నాయి, ఒక మిషనుంది, మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. ఇంత చిన్నదానికి ఇంత బలం ఎక్కడిదని ఆయన ఆశ్చర్యపోయాడు. అలమరల వైపు చూశాడు. ఎత్తుగా, వరసలు వరసలుగా, ప్రతి పుస్తకంలోనూ తను అంటించినవే. వాటిలో ఎందరు తలదాచుకుంటున్నారో అనుకునేసరికి గుండె నిండిపోయి, కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నం ఆయనే వెళ్లి లైబ్రేరియన్ మేడంకి జరిగింది చెప్పాడు. ఆవిడ ముందు సందర్శకుల రిజిస్టరు తెప్పించారు. ఆ మూడు గురువారాల్లో ఇంటి గొడవతో వచ్చినవాళ్లు ఇంకా ఇద్దరే. ఒకరికి ఇంటాయనతో రాజీ కుదిరిపోయింది. రెండో ఆయనకు అప్పటికప్పుడు ఫోన్ చేసి రమ్మన్నారు.

"మీ మీద రిపోర్టు రాయమంటారా బాబాయ్?" అన్నారావిడ, నవ్వాపుకుంటూ.

"రాయండి మేడం. ఇక నుంచి వచ్చిన రోజే, ఉన్న ప్రతులకే అంటించాలని కూడా రాయండి."

రెండో ప్రతికి అంటించాడు. ఆ తర్వాత జిగురు చిన్న డబ్బాలో పోసుకుని, కుంచె జేబులో పెట్టుకుని, ఎండలో నగరపాలక కార్యాలయానికి నడిచాడు. ఎవరు మీరని గుమాస్తా అడిగితే "చట్టం మార్చడానికొచ్చాను" అన్నాడు. జీవితంలో ఆయన వేసిన మొదటి జోకు అదే అయ్యుండాలి. గుమాస్తా నోరు తెరిచి చూస్తుండగా అతని బల్ల మీదే మూడో ప్రతి తెరిచి, అంటించి, ఆరేదాకా కూర్చుని వచ్చాడు.

ఆ సాయంత్రం అక్క చెప్పు కుట్టించి తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నాడు: "అక్కా, ఇన్నేళ్లూ నేనేం పని చేస్తున్నానో ఇవాళ తెలిసింది."

"నాకే తెలియదనుకున్నాను, నీకూ తెలియదన్నమాట" అంది అక్క. అంటూనే, తమ్ముడి ముఖంలో ఏదో వెలుగు కనబడి, కంచంలో ఇంకాస్త మజ్జిగ పోసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. నాలుగింటికి టీ తెచ్చి అక్క రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

తర్వాతి గురువారం టైలరమ్మ టోకెను తీసుకోకుండా నేరుగా లోపలికి వచ్చింది. చేతిలో అద్దె కోర్టు కాగితం. జవాబు తీసుకున్నారు, విచారణ రెండు నెలల తర్వాత. అప్పటిదాకా గదుల జోలికి ఎవరూ రాకూడదు. అది చిన్న లాయరమ్మకు చూపించి, హాలంతా కలియజూసింది.

"ఆయనేరమ్మా, బాబాయ్ గారు?"

లాయరమ్మ చెప్పింది. టైలరమ్మ విని, ఆయన బల్ల దగ్గరికి వెళ్లి ఆయన స్టూలు మీద కూర్చుంది. సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసింది.

"ఆ రోజు అంటిస్తుంటే చూశాను. చొక్కా చేతులు జిగురుతో అట్టకట్టి ఉన్నాయి. ముంజేతుల మీదికి తొడుక్కుంటారని ఇవి కుట్టాను" అంది.

"మీరే ఉంచుకోండి. ఇంకెవరికైనా పనికొస్తాయి" అంది లాయరమ్మ.

"ఇంకెవరికీ సరిపోవమ్మా. టేపు పెట్టలేదు గానీ, ఆయన కొలతే."

మామగారు ఒక్కరే ఉన్నారని ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఎనిమిదో నంబరు అని ఎవరో పిలిచారు. బల్ల మీద పొట్లం విప్పి ఉంది. నీలం గుడ్డ, రెండు చివర్లా ఎలాస్టిక్. ముప్పై ఒక్క ఏళ్లు నొక్కి నొక్కి లావెక్కిన చేతికని, కుడి చేతి తొడుగు ఎడమదానికన్నా అర అంగుళం వెడల్పుగా కుట్టి ఉంది.